మొక్కు పేరు

2023 జూన్ 12, సోమవారం, ఉదయం పదకొండు గంటల పది నిమిషాలకు మా మనవరాలి ఫోను మోగింది. తల దువ్వుకుంటూ ఉంది, చేతులు ఖాళీ లేవు. స్పీకరు నొక్కి బల్ల మీద పెట్టింది. అందువల్ల అవతలి మాట నేనూ విన్నాను. చెవి దగ్గర పెట్టుకుని మాట్లాడి ఉంటే నాకు సగమే తెలిసేది. సగమే తెలిస్తే మర్నాడు నేను గడప దాటేదాన్ని కాదు. ఈ వ్యవహారం ఎప్పుడు మొదలైందని ఎవరైనా అడిగితే ఆ పదకొండూ పదే చెబుతాను. కాదు, 1999లో మొదలైందని మా పిల్ల అంటుంది. ఆ మాట కూడా తోసెయ్యలేను.

ఫోను చేసింది నరసరావుపేటలోనే ఉన్న ఒక రక్త పరీక్షల సెంటరు నుంచి, అక్కడ కౌంటర్లో కూర్చునే అమ్మాయి. జూన్ 3న వాళ్ళు రెండు ల్యాబ్ టెక్నీషియన్ ఉద్యోగాలకు పరీక్ష పెట్టారు. సెంటర్లో కూర్చునే పని కాదు, పొద్దున్నే ఇళ్ళకు వెళ్ళి రక్తం తీసుకొచ్చే పని. ఏడుగురు రాశారు, నలభై మార్కులకు. గుంటూరు నుంచి వచ్చిన పెద్ద టెక్నీషియన్ ఒకాయన పేపర్లు దిద్ది, అందరి చేతా రక్తం తీయించి చూసి, మార్కుల కాగితం గోడకు అంటించి అదే సాయంత్రం వెళ్ళిపోయాడు. మొదటి స్థానం మా ఎదురింటి పిల్లది, ముప్పై ఏడు. రెండోది మా పిల్లది, ముప్పై అయిదు. మూడో ఆమెకు ఇరవై తొమ్మిది, నాలుగో అతనికి ఇరవై ఆరు. మా పిల్ల ఆ కాగితాన్ని ఫొటో తీసుకొస్తే నేను డైరీలో ఎక్కించుకున్నాను. ముప్పై ఒక్క ఏళ్ళు జిల్లా పరిషత్ హైస్కూళ్ళలో లెక్కలు చెప్పినదాన్ని, రిటైరై పద్నాలుగేళ్ళయినా ఆ అలవాటు పోలేదు.

"మీకు రాలేదండీ," అంది ఫోనులో అమ్మాయి.

"మరి ఎవరికొచ్చింది?"

"మూడు, నాలుగు వాళ్ళకి."

"మేం ఒకటీ రెండూ గదా?"

 ఆ అమ్మాయి గొంతు తగ్గించింది. "అక్కా, నేను చెప్పానని అనొద్దు. ఇళ్ళకి పోయే పని గదా. మీ పేర్లోళ్ళని పంపిస్తే కొంతమంది తలుపు తియ్యట్లేదంట. సార్ మీ ఇద్దరి పేర్లూ చూసి పక్కన పెట్టేశారు."

"మా ఇద్దరి పేర్లంటే?"

"అదే అక్కా. ముస్లింల పేర్లు."

మా పిల్ల దువ్వెన పట్టుకుని నా వైపు తిరిగింది. "అమ్మమ్మా, నేను ముస్లిం అంట," అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఎందుకంటే ఆ పేరు పెట్టించింది నేనే.

మా అమ్మాయికి, అంటే ఈ పిల్ల తల్లికి, వరసగా మూడు కడుపులు నిలవలేదు. 1999లో మా ఎదురింటి ఆమె, నాకన్నా ఏడాదిన్నర చిన్నది, మా వీధికి వచ్చి అప్పటికి పదేళ్ళు, ఒక గురువారం పొద్దున వచ్చి "వదినా, లేచి చీర కట్టుకో, దర్గాకి పోదాం" అంది. ఆమెది ముస్లిం కుటుంబం. ఆమె కొడుకు బోరు మోటార్లకు వైండింగ్ కట్టే షాపు నడుపుతాడు. మాది గురజాల వైపు వ్యవసాయం చేసే కుటుంబం. మాచర్ల దారిలో ఒక గుట్ట మీద ఉండే ఆ దర్గాకు మా ఊళ్ళ నుంచి అన్ని ఇళ్ళవాళ్ళూ పోతారు. ఎవరు ఏమిటని ఎవరూ అడగరు. మా అమ్మాయి చేత అక్కడ ముడుపు కట్టించాం. బిడ్డ నిలిస్తే బాబా పేరు పెడతామని, పుట్టు వెంట్రుకలు అక్కడే తీయిస్తామని నేను మొక్కాను. మరుసటి ఏడాది మా పిల్ల పుట్టింది. మొక్కినట్టే చేశాం. మా పల్నాటిలో అలాంటి పేర్లవాళ్ళు వీధికి ఒకరైనా ఉంటారు. మా తమ్ముడి వియ్యంకుడిదీ అదే పేరు, ఆయన రోజూ పొద్దున్నే విభూతి పెట్టుకుంటాడు.

కానీ ఆ సెంటరు నడిపే పెద్దమనిషి బయటి జిల్లా నుంచి వచ్చినవాడు. మా పిల్ల దరఖాస్తులో ఇంటిపేరు పొడి అక్షరంతో సరిపెట్టింది. ఇప్పటి పిల్లల్లాగే బొట్టు పెట్టుకోదు. దరఖాస్తు ఇవ్వటానికీ, పరీక్షకూ రెండుసార్లూ ఎదురింటి పిల్లతో ఒకే స్కూటీ మీద పోయింది, పక్కపక్కనే కూర్చుంది. ఎదురింటి పిల్ల మా ఎదురింటి ఆమెకు కొడుకు కూతురు. ఇద్దరూ ఒకే ఏడాది పుట్టారు, ఒకే కోర్సు చదివారు.

నేను మర్నాడు, జూన్ 13, మంగళవారం, పది గంటల ఇరవై అయిదు నిమిషాలకు ఆ సెంటరుకు వెళ్ళాను. మా పిల్లకు చెప్పలేదు. సంచీలో దాని పదో తరగతి మార్కుల పత్రం, మా రేషన్ కార్డు, మా అమ్మాయి పెళ్ళి ఫొటో ఒకటి పెట్టుకున్నాను. పొరపాటు జరిగింది, పొరపాటును చూపిస్తే దిద్దుతారు అనుకున్నాను. బడిలో మార్కుల కూడికలో తప్పు దొర్లితే పిల్లల తండ్రులు వచ్చి చూపించేవాళ్ళు, నేను దిద్దేదాన్ని. ఇదీ అలాంటిదే అనుకుని వెళ్ళాను. ఆ రోజు నా మనసులో ఉన్నది అంతే. ఇప్పుడు ఎంత తవ్వినా వేరేది కనబడదు.

ఆయన మర్యాదస్తుడు. లేచి కుర్చీ చూపించాడు. కాగితాలు చూశాడు, ఫొటో చూశాడు.

"మీరు మా వాళ్ళేనా పెద్దమ్మా? ముందే చెప్పొద్దూ. మరి ఈ పేరేంటి?"

"మొక్కు పేరు లెండి," అన్నాను. ఆ "లెండి" నా నోట్లోకి ఎలా వచ్చిందో తెలియదు. ఇరవై మూడేళ్ళలో ఆ పేరు గురించి ఎవరికి చెప్పినా అలా చెప్పలేదు.

"ఓహో," అన్నాడు. మార్కుల కాగితం ముందుకు లాక్కుని వేలు పెట్టాడు. "మరి ఈ మొదటి అమ్మాయి? ఆమెది కూడా మొక్కు పేరేనా?"

"కాదండీ," అన్నాను. "వాళ్ళు ముస్లింలే. మా ఎదురిల్లు."

"అలాగా. మంచి మార్కులే పాపం," అన్నాడు. నాలుగో అతని పేరు కొట్టేసి మా పిల్ల పేరు రాశాడు. "గురువారం నుంచి రమ్మనండి."

నేను బయటికి వచ్చి ఆటో ఎక్కేసరికి పదీ ముప్పై ఏడు. మొత్తం పన్నెండు నిమిషాలు. ఆటోలో సంతోషంగానే ఉన్నాను. అది కూడా రాయాలి.

మధ్యాహ్నం నాలుగింటికి ఎదురింటి ఆమె రోజూ లాగే వచ్చింది. ముప్పై ఏళ్ళ పైగా ఆ వేళకు మా వరండాలో టీ తాగుతాం. టీ నాది, తినేది ఏదైనా ఉంటే ఆమెది. ఆ రోజు జంతికలు తెచ్చింది. ఉద్యోగం వచ్చిందని చెప్పగానే మా పిల్ల తల మీద చెయ్యి పెట్టి నాలుగు మాటలు చదివింది.

"బాబా పేరు ఊరికే పోయిద్దా," అంది. "మరి నిన్న రాలేదన్నారంటగా? ఇయ్యాళ ఎట్టా వచ్చింది?"

"నేను పోయి చూపించి వచ్చా వదినా."

"ఏం చూపించావు?"

"కాగితాలు. పొరపాటు పడ్డారు. మేం ముస్లింలం అనుకున్నారు."

ఆమె టీ గ్లాసు కింద పెట్టలేదు, తాగనూ లేదు. మా పిల్ల లోపలికి వెళ్ళిపోయింది.

"అయితే మా దానికి కూడా అందుకే రాలేదా," అంది. అడిగినట్టు అనలేదు.

"మీ పిల్ల నీకు చెప్పలేదా?"

"రాలేదని చెప్పింది. ఎందుకో చెప్పలా. నీ పిల్లకి నువ్వు కాగితాలు తీసుకుపోయావు. బాగానే ఉంది. నా పిల్లకి నేనేం కాగితం తీసుకుపోవాలి వదినా?" అంది.

 ఆయన అడిగింది, నేను చెప్పింది కూడా ఆమెకు చెప్పాలా వద్దా అని ఆలోచిస్తున్నాను. ఆలోచించి చెప్పాను. దాచడం నాకు రాదు. ఆమె గ్లాసు పెట్టేసి లేచింది.

"కాదనక ఏమంటావులే. ఉన్నదే చెప్పావు," అంది. వెళ్తూ జంతికల గిన్నె తీసుకుపోలేదు. ఆ గిన్నె ఇంకా మా ఇంట్లోనే ఉంది.

ఆ రాత్రి నుంచి నాకు ఒక పట్టాన తెగని ప్రశ్న పట్టుకుంది. ఆయన అడిగినప్పుడు నేనేం చెప్పి ఉండాలి? అవును, మొక్కు పేరే అంటే అబద్ధం. ఒకవేళ అన్నా, ఆ పిల్ల రోజూ అబద్ధంతో పనికి పోవాలి. తెలియదు అంటే అదీ అబద్ధమే, ముప్పై ఏళ్ళ పైగా ఎదురిల్లు. ఎందుకు అడుగుతున్నారని ఎదురు అడిగి ఉండాలా? అది నాకు ఆటోలో కూడా తోచలేదు. తర్వాత రోజు కూరగాయలు తరుగుతుంటే తోచింది. తోచేసరికి ఇరవై రెండు గంటలు గడిచాయి.

జూన్ 17, శనివారం, కోర్టు దగ్గర ఆఫీసు పెట్టుకున్న ఒక వకీలు దగ్గరకు వెళ్ళాను. ఒకప్పుడు నా దగ్గర పదో తరగతి చదివినవాడు. చుట్టూ ముగ్గురు క్లయింట్లు కూర్చుని ఉన్నారు.

"మా టీచరు గారు," అని వాళ్ళకు పరిచయం చేశాడు. "ప్రీఫైనల్లో నాకు లెక్కల్లో ముప్పై నాలుగు వస్తే ఒక్క మార్కు కలపలేదు."

"కలపటానికి ఎక్కడా లేదు. మూడుసార్లు చూశా," అన్నాను.

"తెలుసండీ. అందుకే ఇటు వచ్చా."

వాళ్ళు నవ్వారు. వాళ్ళను పంపించేశాక విషయం చెప్పాను. వెళ్ళేముందు నేను ఇంట్లో పాత సాంఘిక శాస్త్రం పుస్తకం తీసి ప్రాథమిక హక్కులు చదువుకుని వెళ్ళాను. మతం, జాతి, కులం, లింగం, పుట్టిన చోటు. వీటిని బట్టి తేడా చూపకూడదని ఉంది. అంత స్పష్టంగా ఉన్నప్పుడు ఇక సందేహం దేనికని నా ఉద్దేశం.

"పదహారో అధికరణం ప్రభుత్వ ఉద్యోగాలకండీ. ప్రైవేటుకి కాదు," అన్నాడు.

"పదిహేను?"

"అందులో మొదటి భాగం ప్రభుత్వానికి. రెండో భాగం మాత్రం అందరికీ. అంగళ్ళు, హోటళ్ళు, సినిమాహాళ్ళు, బావులు, రోడ్లు. అక్కడ మతం పేరు చెప్పి రానివ్వం అంటే కుదరదు."

"రక్త పరీక్షల సెంటరు అంగడి కిందికి రాదా?"

"వచ్చిద్ది. రక్తం ఇచ్చేవాళ్ళకి వచ్చిద్ది. తీసే ఉద్యోగానికి రాదు."

"అంటే ఆ పిల్ల లోపలికి పోయి షుగరు చూపించుకోవచ్చు. షుగరు చూసే పని అడగకూడదు."

"అడగొచ్చండీ. ఇవ్వకపోతే ఎందుకివ్వలేదని కోర్టు చేత అడిగించటం కష్టం. ఆడా మగా జీతాల తేడాకి చట్టం ఉంది. వికలాంగులకి ఉంది. ప్రైవేటు ఉద్యోగంలో మతానికి ఇదీ అని సూటిగా చూపించే చట్టం నాకు తెలిసి లేదు."

నేను నా డైరీలో ఒక పక్క "ఉంది" అని, ఒక పక్క "లేదు" అని రాసుకున్నాను. రెండు వరసలూ పక్కపక్కన చూస్తే నాకు ఇంకా అయోమయంగా ఉంది. దుకాణంలో కొనేవాడికి ఉన్న రక్షణ అందులో పనిచేసేవాడికి ఎందుకు లేదు? ఎవరు ఎక్కడ ఆపేశారు? అతన్ని అడిగాను. "నేను పుట్టకముందు రాసినవాళ్ళండీ," అన్నాడు.

తర్వాత టీ తెప్పించి ఇంకో మాట చెప్పాడు. "మైనారిటీల హక్కులు చూసే కమిషన్ ఉంది. దానికి రాయొచ్చు. వాళ్ళు సంజాయిషీ అడుగుతారు. ఇటువాళ్ళు వేరే కారణం చెబుతారు. మతం వల్లే అని సాక్ష్యం కావాలి."

"ఫోనులో చెప్పింది నేను విన్నా."

"ఆ అమ్మాయి రేపు చెప్పలేదంటది. కానీ గట్టి సాక్ష్యం ఒకటుంది టీచరు గారూ. పన్నెండో తారీఖు వద్దన్న పిల్లని పదమూడున రమ్మన్నారు. మధ్యలో మార్కులు మారలా, చదువు మారలా. మతం ఒక్కటే మారింది. అది మార్చింది మీరు. మీరు సంతకం పెట్టి రాసిస్తే అంతకన్నా సాక్ష్యం లేదు. రాసిస్తే మీ మనవరాలి ఉద్యోగం మాత్రం ఉండదు. ఆలోచించుకోండి."

అప్పటికి మా పిల్ల పనిలో చేరి మూడో రోజు. పొద్దున అయిదున్నరకే లేచి తయారయ్యేది. ఎదురింటి పిల్ల స్కూటీ ఇప్పుడు అడగలేదు గనక మాచర్లలో ఉండే తన తండ్రి పాత బండి తెప్పించుకుంది. రెండో వారంలో దాని మెడలో బ్యాడ్జీ చూశాను. దాని ఇంటిపేరు పెద్ద అక్షరాలతో పూర్తిగా ఉంది. బాబా పేరు పొడి అక్షరం అయింది.

"ఇదేంది?" అన్నాను.

"సార్ అట్టా వేయించారు. తలుపు దగ్గర ప్రశ్నలుండవని."

"నువ్వేమన్నావు?"

"ఏమంటా? పొద్దున్నే పది ఇళ్ళు తిరగాలి. ప్రతి ఇంట్లో నీ మొక్కు కథ చెప్పమంటావా?"

సాక్ష్యం నేను జూన్ 19నే రాశాను. ఒక ఠావు కాగితం, రెండు వైపులా. తేదీలు, గంటలు, మార్కులు, ఆయన అడిగింది, నేను చెప్పింది. నేను చెప్పిన జవాబు కూడా అక్షరం మార్చకుండా రాశాను. సంతకం పెట్టకుండా డైరీలో ఉంచాను. పద్దెనిమిది రోజులు ఉంచాను. ఆ రోజుల్లో ఎదురింటి ఆమె నాలుగింటికి నాలుగుసార్లు వచ్చింది. వచ్చి కూర్చునేది. ఎండల గురించి, కరెంటు గురించి మాట్లాడుకునేవాళ్ళం.

జూలై 6న ఆమెకు ఆ కాగితం చదివి వినిపించాను. ఆమె మనవరాలు మెట్ల మీద కూర్చుని వింది.

"వద్దులే వదినా," అంది ఎదురింటి ఆమె. "దీన్ని పంపితే ఊళ్ళో ఉన్న ల్యాబులోళ్ళందరికీ తెలిసిద్ది. అర్జీలు పెట్టే పిల్ల అంటారు. మళ్ళీ యాడా ఉద్యోగం ఇవ్వరు. నీ పిల్లది కూడా పోద్ది. రెండు కొంపలూ ఎందుకు ఆర్పుకోవటం."

"మరి నీ పిల్లకి జరిగింది?"

"జరిగింది జరిగింది. నీకు ఇప్పుడు జరిగింది. మాకు కొత్తేంది?"

ఈ మాట నాకు అర్థం కాలేదు. ముప్పై నాలుగేళ్ళు ఎదురుగా ఉన్నాను. ఆమె కొడుకు షాపు అద్దెకు తిరిగిన రోజులు, పెద్ద కూతురు ఇంటర్వ్యూకు వెళ్ళి వచ్చి ఏడ్చిన రోజు, అన్నీ నాకు తెలుసు. తేదీలతో సహా తెలుసు. కానీ వాటికి కారణం ఏమిటని నేను ఎప్పుడూ అడగలేదు, ఆమె చెప్పలేదు. పాత డైరీలు తీసి చూశాను. "ఎదురింటి పెద్దమ్మాయికి ఉద్యోగం రాలేదు, పాపం" అని ఒక చోట ఉంది. ఇంకొక చోట "షాపు దొరకలేదు, అద్దె కుదరలేదట" అని ఉంది. రెండూ నా చేతిరాతే.

మర్నాడు, జూలై 7, పొద్దున ఏడుకు పది నిమిషాలు తక్కువ. ఎదురింటి పిల్ల ఒక్కతే వచ్చింది. మా పిల్ల అప్పటికే పనికి పోయింది.

"అమ్మమ్మా, ఆ కాగితం మీద సంతకం పెడతారా?"

"మీ నానమ్మ వద్దంది గదమ్మా."

"నానమ్మ వద్దనే అంటది. నాకు ముప్పై ఏడొచ్చాయి. ఎందుకివ్వలేదో వాళ్ళ చేత ఒక్కసారి రాయించాలి. ఏం రాస్తారో చూడాలి. అంతే."

నేను సంతకం పెట్టాను. ఆ పిల్ల ముప్పై ఏడు అన్నప్పుడు నేనింక వెనక్కి తీయలేకపోయాను. మా పిల్లను అడగకుండా పెట్టాను, సెంటరుకు చెప్పకుండా వెళ్ళినట్టే. రెండుసార్లూ దాని ఉద్యోగాన్ని దాన్ని అడగకుండానే కదిపాను. ఒకసారి ఇప్పించటానికి, ఒకసారి పోగొట్టటానికి. ఆ సాయంత్రం మా పిల్లకు చెప్పాను. 

"పెట్టకముందు అడగాల్సింది," అంది.

"అడిగితే వద్దనేదానివా?"

"ఏమో. వద్దనేదాన్నో ఏమో. ఇప్పుడు నాకెట్టా తెలిసిద్ది? అదే గదా అమ్మమ్మా నువ్వు చేసింది. నేను మంచిదాన్నో కాదో నాకే తెలియకుండా చేశావు."

జూలై 8, శనివారం ఎదురింటి పిల్ల అర్జీ, నా సాక్ష్యంతో, కమిషన్‌కు రిజిస్టర్డ్ పోస్టులో వెళ్ళింది. జూలై 26న మా పిల్లను ఇంక రావద్దన్నారు. పని తగ్గిందన్నారు. జూన్ 15 నుంచి లెక్కేస్తే నలభై రెండు రోజులు, ఆదివారాలు ఆరు తీసేస్తే ముప్పై ఆరు. ఆ మధ్యాహ్నమే బట్టలు సర్దుకుని మాచర్ల బస్సెక్కి వాళ్ళ అమ్మానాన్నల దగ్గరకు వెళ్ళింది. బ్యాడ్జీ బల్ల మీద వదిలేసింది. మర్నాటి నుంచి ఎదురింటి ఆమె నాలుగింటికి రావటం మానేసింది.

సెంటరువాళ్ళ సంజాయిషీ నకలు కమిషన్ ద్వారా సెప్టెంబరులో వచ్చింది. అరపేజీ. మతం అనే మాట ఎక్కడా లేదు. మొదటి స్థానం వచ్చిన అభ్యర్థినికి ద్విచక్ర వాహనం నడపటం రాదు గనక తీసుకోలేదని ఉంది. ఎదురింటి పిల్ల మా మెట్ల మీద కూర్చుని చదివింది. చదివి మళ్ళీ చదివింది. పక్కనే దాని స్కూటీ స్టాండు వేసి ఉంది. దరఖాస్తుకూ, పరీక్షకూ రెండుసార్లు మా పిల్లను వెనక కూర్చోబెట్టుకుని వెళ్ళింది ఆ స్కూటీ మీదే.

"నాకు బండి రాదంట అమ్మమ్మా," అంది.

ఆ మాట, "నేను ముస్లిం అంట" అని మా పిల్ల అన్న మాట ఒకే గొంతుతో అన్నట్టు వినబడ్డాయి నాకు. అప్పుడు మా పిల్ల నవ్వింది. ఈ పిల్ల కూడా నవ్వింది. ఎందుకు నవ్వుతారో నాకు తెలియదు.

డ్రైవింగ్ లైసెన్సు నకలు పెట్టి జవాబు రాశాం. నంబరు వేసి అందినట్టు ఉత్తరం వచ్చింది. ఇది రాస్తున్న రోజుకు ఇంకేమీ రాలేదు. వకీలు మాత్రం వదిలిపెట్టకండి అంటాడు. చట్టం లేనిచోట ఏం పట్టుకుని వదిలిపెట్టకూడదో నాకు అర్థం కాలేదు. అయినా ఫైలు కట్టి ఉంచాను, పదకొండు కాగితాలు.

ఎదురింటి పిల్ల గుంటూరులో ఒక ల్యాబులో చేరింది. ఆరుంపావు బస్సు, తిరిగి వచ్చేసరికి చీకటి పడుతుంది. మా పిల్ల నవంబరులో పేరు మార్చుకోవటానికి దరఖాస్తు పెట్టింది. ఆ కాగితం మీద సాక్షిగా నన్నే సంతకం పెట్టమంది. కారణం అనే చోట "సౌలభ్యం కోసం" అని రాసింది. నేను కళ్ళజోడు తుడుచుకుని రెండుసార్లు చదివి పెట్టాను. కొత్త పేరు బాగానే ఉంది. పిలిస్తే నోరు తిరగటం లేదు.

దర్గాలో గంధం ఉత్సవానికి 2000 నుంచి మేం నలుగురం కలిసి పోయేవాళ్ళం, ఇద్దరు ముసలివాళ్ళం, ఇద్దరు పిల్లలు. ఈసారి పిల్లలిద్దరూ రాలేదు. నేను ఒక్కదాన్నే బస్టాండుకు వెళ్ళేసరికి ఎదురింటి ఆమె అప్పటికే బస్సులో ముందు సీట్లో కూర్చుని ఉంది. పక్క సీటు ఖాళీగా ఉంది. కూర్చోనా అని అడగాలో, అడగకుండా కూర్చోవాలో తెలియలేదు. ఎప్పుడూ అడిగింది లేదు. నేను నిలబడి ఆలోచిస్తుంటే కండక్టరు "పెద్దమ్మా, ఎక్కుతావా దిగుతావా" అన్నాడు. వెనక కూర్చున్నాను. గుట్ట దగ్గర దిగాక ఆమె ఆగి, నా సంచీ అందుకుంది.  పైన మలీదా ప్రసాదం చదివించి సగం నా చేతిలో పెట్టింది. ఏం మొక్కావని అడుగుతుందేమో అనుకున్నాను, అడగలేదు. నేను ఏమీ మొక్కలేదు. ఏం అడగాలో తేల్చుకోలేకపోయాను.

ఇక పోయినవి.

ఎదురింటి పిల్ల ఉద్యోగం, రాకముందే ఒకటి.

మా పిల్ల ఉద్యోగం ఒకటి, నలభై రెండు రోజులకు.

బాబా పేరు ఒకటి, ఇరవై మూడేళ్ళది.

నలుగురం కలిసి పోయే గంధం. ఇరవై మూడేళ్ళలో కరోనా రెండేళ్ళు తీసేస్తే ఇరవై ఒక్కసార్లు పోయాం. ఇరవై రెండోది లేదు.

నాలుగింటి టీ. జూలై 27 నుంచి లేదు.

ఇందులో ఆ సెంటరు వల్ల పోయినవి ఎన్ని, నా "కాదండీ" వల్ల పోయినవి ఎన్ని, నా సంతకం వల్ల పోయినవి ఎన్ని అని మూడు గడులు గీశాను. గడులు ఇంకా ఖాళీగానే ఉన్నాయి. మొత్తం మాత్రం అయిదు.